యాభై లక్స్‌ల న్యాయం

ఫ్యాషన్ ప్రదర్శనలోకి అడుగుపెట్టిన ప్రేక్షకుడు ముందు చేసే ఫిర్యాదు ఒక్కటే: ఇంత చీకటేమిటి? బట్టల దుకాణంలోని ధగధగలకు అలవాటు పడినవాడికి మ్యూజియం పిసినారిలా కనిపిస్తుంది. నిజమే, అక్కడ వెలుగును కొలిచి వడ్డిస్తారు. పాత బట్టలపై 50 లక్స్‌కు మించి వెలుతురు పడకూడదన్నది మ్యూజియంలు పాటించే కట్టుబాటు. మిట్టమధ్యాహ్నపు ఎండ సుమారు లక్ష లక్స్!

ఈ పొదుపు ఎందుకో తెలియాలంటే 18వ శతాబ్దపు చింట్జ్ దుస్తులను చూడాలి. 2021లో లండన్‌లోని ఫ్యాషన్ అండ్ టెక్స్‌టైల్ మ్యూజియం అలాంటివాటిని ప్రదర్శించింది. డచ్చి మహిళలు మోజుపడి తొడుక్కున్న ఆ నూలు గుడ్డకు పేరు తెచ్చింది మచిలీపట్నం ఉన్న కోరమాండల్ తీరమే. పాత చింట్జ్‌లో ఆకులు తరచు నీలంగా కనిపిస్తాయి. అది చిత్రకారుడి చమత్కారం కాదు. నీలిమందు మీద పసుపు రంగు పూసి ఆకుపచ్చ తెప్పించేవారు. వెలుతురు, ఉతుకులు కలిసి పసుపును తినేశాయి. నీలి మిగిలింది. పోయిన రంగును ఏ మరమ్మతూ వెనక్కి తేలేదు.

వెలుగు చేసే నష్టం అప్పు మీద వడ్డీలా పేరుకుంటుంది. 50 లక్స్‌లో రెండు గంటలున్నా, 100 లక్స్‌లో గంట ఉన్నా లెక్క ఒక్కటే. అందుకే లైటింగ్ డిజైనర్ దీపాన్ని కాక కంటిని సర్దుతాడు. దారి పొడవునా వెలుతురు కొద్దికొద్దిగా తగ్గిస్తే కనుపాప అలవాటు పడుతుంది. చుట్టూ గోడలు ముదురు రంగులో ఉంటే తక్కువ కాంతికే దుస్తులు వెలిగినట్లు అనిపిస్తాయి. పక్కనుంచి పడే కిరణం కుట్టుపనినీ, కుచ్చిళ్లనూ లేపి చూపిస్తుంది. అతినీలలోహిత కిరణాల బెడద దాదాపు లేని ఎల్ఈడీలు వచ్చాక ఈ పని కొంత తేలికైంది.

తేలిక కానిది మరొకటుంది. అరవై దాటినవారి కంటిలోపలికి ఇరవై ఏళ్లవారితో పోలిస్తే మూడోవంతు వెలుగే చేరుతుంది. ఆ గుడ్డ విలువ బాగా తెలిసిన ముసలి అద్దకపు కళాకారుడికే అది సరిగ్గా కనిపించదు. ఆయన కోసం దీపం పెంచితే ఆయన మునిమనవరాలి వాటా తరుగుతుంది. వివరాల పలకలకు విడిగా దీపం పెట్టవచ్చు, మనిషి దగ్గరకొస్తేనే వెలిగే దీపాలు అమర్చవచ్చు. అయినా పంపకం తప్పదు. చూడటానికి ఇంకా పుట్టనివారు కూడా ఆ హాల్లో వరుసలో నిలబడే ఉన్నారు. వారి తరఫున ఫిర్యాదు చేసేవారే లేరు.