మనసు నెమ్మదిస్తేనే చేపు

ప్రసూతి సెలవు ముగిసే రోజు దగ్గరపడుతున్నకొద్దీ ఉద్యోగం చేసే తల్లికి ఒకటే దిగులు, బిడ్డకు పాలెలా అని. 2017లో చట్టాన్ని సవరించిన తరువాత మొదటి ఇద్దరు బిడ్డలకు 26 వారాల సెలవు ఇస్తున్నారు. ఆరు నెలలు దాటితే ఇతర ఆహారం మొదలుపెట్టినా, రెండేళ్ల వరకు, ఆ పైన కూడా తల్లిపాలు మేలని వైద్యులు చెబుతారు. మరి ఆ తరువాతి రోజులు గడిచేదెలా? నావంటి వారికి పాలు తీసే పంపే ఆధారం.

మేముండేది శంషాబాదులో. 2008లో విమానాశ్రయం తెరిచాక ఈ చుట్టుపక్కల ఎందరికో అక్కడ పని దొరికింది. నాది సరుకుల విభాగంలో షిఫ్టు ఉద్యోగం. బాబుకు ఏడో నెల రాగానే పనిలో చేరాను. విరామంలో ఒక చిన్న గదిలో కూర్చునేదాన్ని. బయట బండ్ల చప్పుడు, ఎవరైనా తలుపు తడతారేమోనని భయం, చూపంతా గడియారం మీద. ఇరవై నిమిషాలైనా సీసా అడుగు మాత్రమే తడిసేది. పది రోజులు తిరగకముందే ఇంట్లో డబ్బా పాల మాట వచ్చింది.

మా అత్తమ్మ ఒకప్పుడు బర్రెలను సాకిన మనిషి. "కొత్త మనిషి కూర్చుంటే బర్రె కూడ చేపదు బిడ్డా. దూడను చూపెట్టాలె, మెల్లగ నిమరాలె. నువ్వు గాబరపడితే పాలెట్ల వస్తయి?" అన్నది.

డాక్టరమ్మ చెప్పినదీ అదే. బిడ్డ చీకినా, బిడ్డను తలచుకున్నా తల్లి మెదడు నుండి ఆక్సిటోసిన్ అనే హార్మోను విడుదలై, పాలను ముందుకు తోస్తుంది. భయము, నొప్పి, ఆందోళన దానిని అడ్డుకుంటాయి. అంటే పాలు లేక కాదు, చేపు రాక.

సహోదరీలారా, నాకు ఉపయోగపడినవి ఇవి. వీపుకు ఆనుడు ఉన్న కుర్చీలో కూర్చుని, భుజాలు వదులు చేసి, నిదానంగా ఊపిరి తీసుకోవాలి. గోరువెచ్చని తడిగుడ్డతో కాపు పెట్టి మెల్లగా నిమరాలి. బాబు టోపీ ఒకటి సంచిలో ఉంచుకుని వాసన చూసేదాన్ని. సీసాకు మేజోడు తొడిగితే ఎన్ని పాలు పడ్డాయో అన్న ధ్యాస పోతుంది. పంపును తక్కువ వేగంతో మొదలుపెట్టాలి. నొప్పిని ఓర్చుకోవద్దు, రొమ్ముకు ఆనించే గరాటా సరిపోయే కొలతదో కాదో చూపించుకోవాలి. తీసిన పాలు 25 డిగ్రీల లోపు చల్లని గదిలో నాలుగు గంటలు, ఫ్రిజ్‌లో నాలుగు రోజులు నిలుస్తాయి. మన ఎండలకు ఐసు పెట్టిన డబ్బా తప్పనిసరి.

రెండు వారాలకు సగం సీసా నిండసాగింది. కొన్నాళ్లు తగ్గేది కూడా. అయినా డబ్బా పాలు కొనే అవసరం రాలేదు.

ఇంటివారికీ ఒక మనవి. మా వారు మొదట్లో ఫోను చేసి "ఎన్ని వచ్చాయి?" అని అడిగేవారు. తరువాత ఆ ప్రశ్న మాని, బాబు ఉంగాలు వినిపించి, "నువ్వు తిన్నావా?" అనేవారు. ఆ మాటకే నాకు చేపు వచ్చేది.