బిగుసుకుపోయిన రింగు

ఈసారి గోడ పత్రికకు ఏం రాయాలా అని చాలా ఆలోచించాను. చివరికి నేను చేసిన తప్పు గురించే రాద్దామనుకున్నాను.

ఆగస్టు 9న మనం ఆదివాసీ దినోత్సవం చేసుకున్నాం కదా. ఐక్యరాజ్యసమితి 1994లో ప్రకటించిన రోజు అది. మనవాళ్లు థింసా ఆడుతుంటే ఫొటోలు తియ్యమని సైన్సు సార్ తన సొంత కెమెరా నాకిచ్చారు. బెల్టు మెడలో వేసుకోమని రెండుసార్లు చెప్పారు. నేను వేసుకోలేదు. డప్పు జోరులో వెనక్కి వెనక్కి నడుస్తూ తీస్తున్నాను. రాయి తగిలి పడ్డాను. కెమెరా ముందు భాగం గచ్చుకి కొట్టుకుంది. చూస్తే అద్దం సాలెగూడులా పగిలి ఉంది!

గబగబా మూత పెట్టేశాను. "ఛార్జింగ్ పెట్టి రేపిస్తాను సార్" అని అబద్ధమాడి హాస్టలుకి తెచ్చుకున్నాను.

రాత్రి టార్చి వేసి చూశాను. పగిలింది లెన్సు కాదు, దాని ముందు మరలాగ తిప్పి బిగించే ఫిల్టరు. తిప్పి తీసేస్తే ఎవరికీ తెలీదనుకున్నాను. వేళ్లతో గట్టిగా నొక్కి తిప్పాను, రాలేదు. ప్లయరుతో పిండాను. ఇంకా బిగుసుకుపోయింది. గాజు ముక్కలు కరకరలాడాయి. పక్క మంచం మీది తమ్ముడు లేచి, "ఏటి చేస్తన్నావన్నా?" అన్నాడు. "ఏం లేదు, పడుకో" అన్నాను.

వాడు పడుకున్నాడు. నాకు నిద్ర పట్టలేదు. ఆ రోజంతా కెమెరా సంచి మోసింది వాడే. సంగతి బయటపడితే అందరి చూపూ వాడి మీదకే పోతుంది. ఆ ఆలోచన రాగానే నా ఒళ్లు చల్లబడింది. తెల్లారకముందే వెళ్లి సార్ తలుపు కొట్టి అంతా చెప్పేశాను.

సార్ నన్ను కొట్టలేదు. "ముందు నీ చెయ్యి చూపించు, గాజు గుచ్చుకుందా?" అన్నారు. నాకు ఏడుపొచ్చింది.

తర్వాత ఇద్దరం పనికి కూర్చున్నాం. సార్ కెమెరాని బోర్లా పట్టుకుని మెల్లగా తట్టారు. వదులుగా ఉన్న ముక్కలు కిందికి రాలిపోయాయి. మిగిలినవి పట్టకారుతో ఒక్కొక్కటే తీశారు. గుడ్డతో తుడవనివ్వలేదు, గాజుపొడి లెన్సుని గీరేస్తుందట. గాలి పంపుతో ఊదారు. అప్పుడు రింగు చుట్టూ పాత సైకిలు ట్యూబు ముక్క చుట్టి, నొక్కకుండా ఎడమవైపుకి తిప్పమన్నారు. మా అమ్మమ్మ తేనె సీసా మూత గుడ్డతో తీస్తుంది, అచ్చం అలాగే. అయినా రాలేదు.

"చూడు, ఈ రింగు పలచటి అల్యూమినియం. పిండితే కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది, మరలు ఒకదాన్నొకటి కరుచుకుంటాయి. పూర్తిగా ఒక చుట్టు తిప్పితే 0.75 మిల్లీమీటరు కదులుతుంది, అంత సన్నటి మరలు. దెబ్బకి సొట్ట పడింది, నీ ప్లయరు మిగతాది చేసింది" అన్నారు సార్.

ఇక కొయ్యాల్సిందే. లెన్సు అద్దం మీద మెత్తటి గుడ్డ గుండ్రంగా కత్తిరించి పరిచారు. హాక్సా బ్లేడుకి ఒక చివర గుడ్డ చుట్టి, రింగు లోపలి వైపు వేలెడు దూరంలో రెండు గాట్లు పెట్టారు. పూర్తిగా తెగనివ్వలేదు, తెగితే లెన్సు మరలు పాడవుతాయి. ఆ మధ్య ముక్కని ప్లయరుతో లోపలికి వంచారు. రింగు ఒక్కసారిగా వదులైంది. నన్నే తిప్పమన్నారు. తిప్పాను. వచ్చేసింది! రజను రాలేలా కెమెరాని మళ్లీ బోర్లించి ఊదారు. లోపల అసలు అద్దం మీద ఒక్క గీత కూడా లేదు.

నేను తీసిన ఫొటోలు బాగున్నాయని సార్ అన్నారు. కానీ లెన్సు అంచున చిన్న సొట్ట ఉండిపోయింది. కొత్త ఫిల్టరు దానికి సరిగా ఎక్కదు. అది చూసినప్పుడల్లా నాకు సిగ్గేస్తుంది.

మిత్రులారా, ఏదైనా బిగుసుకుపోతే బలం పెట్టకండి, తెలిసినవాళ్లకి చెప్పండి. ఆ రాత్రే చెప్పి ఉంటే రింగు అంతగా కరుచుకునేది కాదు. తమ్ముడికి కూడా జరిగింది చెప్పి క్షమించమని అడిగాను. వాడు నవ్వి, "ఈసారి సంచి నువ్వు మొయ్యన్నా, ఫొటోలు నేను తీస్తాను" అన్నాడు. సరేనన్నాను. బెల్టు మాత్రం నేనే వాడి మెడలో వేస్తాను.

ఇట్లు,
మీ మిత్రుడు,
9వ తరగతి