రేగడిలో శ్రీతాళం

ఫిబ్రవరిలో గుంటూరు నుంచి ఒంగోలు వైపు బయల్దేరితే కంటికి ముందు ఆనేది ఎరుపే. కల్లాల్లో ఆరబోసిన మిరపకాయలు, వాటి చుట్టూ తలగుడ్డలు చుట్టుకుని తాలుకాయలు ఏరుతున్న ఆడవాళ్లు, కిటికీ పక్కన కూర్చున్న ప్రయాణికులకు తుమ్ములే తుమ్ములు. చిలకలూరిపేట దాటాక ఆ ఎరుపు కాస్త పలచబడుతుంది. తీతలు అయిపోయిన పత్తిచేలు, మధ్యమధ్య శనగ, పొగాకు. ఎటు చూసినా చదునే. ఆ నల్లటి నేలమీద నిటారుగా నిలబడేది ఒక్కటే... గట్టుమీద తాటిచెట్టు. దాన్ని ఎవరూ నాటలేదు, ఎవరూ నీళ్లు పోయలేదు. పశువులు తొక్కినా, రెంటచింతల ఎండలు కాసినా, బాపట్ల తీరాన తుపాను కొట్టినా దాని పని అది చేసుకుపోతూనే ఉంటుంది.

ఇదే రోడ్డుమీద ఇంకో రకం చెట్లూ కనిపిస్తాయి. అవి లారీల్లో పడుకుని వస్తాయి. తలకట్టును తాడుతో బిగించి, మొదట్లో మట్టిముద్దకు గోనెపట్టా చుట్టి, గోదావరి ఒడ్డు కడియం నర్సరీల నుంచి 200 కిలోమీటర్లకు అటూ ఇటుగా ప్రయాణం చేసి వచ్చే పామ్ మొక్కలు. రాయల్ పామ్, ఫాక్స్‌టెయిల్, మడగాస్కర్ నుంచి వచ్చిన వెండిరంగు బిస్మార్కియా. స్పిన్నింగ్ మిల్లు గేటుముందు, మార్టూరు గ్రానైట్ ఫ్యాక్టరీ ఆవరణలో, కల్యాణమండపం వాకిట్లో దిగుతాయి. ఫొటోలకు బాగుంటాయి. ఏడాది తిరిగాక చూస్తే కొన్ని పచ్చగా గొడుగు పట్టి ఉంటాయి. కొన్నిచోట్ల మాత్రం మొండెం మిగులుతుంది. నీళ్లు సరిపోలేదేమో అంటారు. నిజానికి చాలా చెట్లు చచ్చేది నీళ్లు చాలక కాదు, నీళ్లు ఎక్కువై!

పది రోజుల్లో మళ్లీ కొనుక్కోగలిగిన చెట్టయితే ఫరవాలేదు. కానీ ఆ మట్టిముద్దలో ఉన్నది శ్రీతాళమైతే?

ఒక్కసారే పెళ్లి, ఒక్కసారే చావు

శ్రీతాళం పేరు విన్నవాళ్లు చాలామందే ఉంటారు. చెట్టును చూసినవాళ్లు తక్కువ. సీతాళమనీ అంటారు. మలయాళీలు కుడప్పన అంటారు, అంటే గొడుగుతాడి. పేరుకు తగ్గట్టే ఒక్కో ఆకు 5 మీటర్ల వెడల్పు దాకా పెరుగుతుంది. ఒక్క ఆకు కింద ఇంటిల్లిపాదీ వానకు తలదాచుకోవచ్చు. కేరళలోనూ శ్రీలంకలోనూ దీన్ని గొడుగులకు, పైకప్పులకు వాడేవారు. మనకు మాత్రం ఇది గ్రంథాల చెట్టు. పాతకాలపు రాతగాళ్లకు రెండు రకాల ఆకులు తెలుసు. ఒకటి ఊరూరా దొరికే తాటాకు... మందం, పెళుసు. రెండోది శ్రీతాళం... పలచన, వెడల్పు, ఎటు వంచితే అటు వంగుతుంది. తాటాకుమీద ఘంటంతో గీసి మసి పూయాల్సిందే. శ్రీతాళంమీద సిరాతోనూ రాయొచ్చు. తెలుగునాట ఎక్కువగా దొరికింది తాటాకే కాబట్టి శ్రీతాళ ప్రతి అంటే కాస్త గొప్పగా చూసేవారు.

దీని అసలు విశేషం పూతలో ఉంది. 30 ఏళ్లకో, 50కో, ఒక్కోసారి 80 ఏళ్లకో ఒక్కసారి పూస్తుంది. తల నడినెత్తిన 6 నుంచి 8 మీటర్ల ఎత్తు పూలగుత్తి లేస్తుంది. ప్రపంచంలో కొమ్మలు వేసే పూలగుత్తుల్లో ఇంతకన్నా పెద్దది లేదు. అందులో పూలు లక్షలు కాదు, కోట్లు. జీవితమంతా బోదెలో కూడబెట్టిన పిండిపదార్థాన్ని ఒక్క పెళ్లికి ఖర్చుపెట్టేసిన తండ్రిలాగా, కాయలు పండేసరికి చెట్టు ఎండిపోతుంది. కాయ పండటానికే ఏడాది పడుతుంది. ఆ తర్వాత మళ్లీ విత్తనం నుంచే మొదలు.

అంటే ఇరవై ఏళ్ల శ్రీతాళాన్ని ఒకచోట నుంచి ఇంకోచోటికి మార్చడమంటే, పెళ్లికాని పిల్లను ఊరు దాటించడమే. దారిలో పోతే ఇరవై ఏళ్లే కాదు, రాబోయే పూత, కాయ, వాటి సంతానం అన్నీ పోయినట్టే. కొమ్మ నాటితే బతికే జాతి కాదు, పక్కన పిలకలు వేసే జాతీ కాదు. రోడ్డు వెడల్పయినప్పుడు, తోట అమ్ముడుపోయి ప్లాట్లు పడినప్పుడు ఇలాంటి చెట్టుకు రెండే దారులు. గొడ్డలి, లేదంటే క్రేను.

దీనికి దగ్గర చుట్టం ఒకటుంది, టాలియేరా తాడి. దానికి శాస్త్రీయ నామం పెట్టింది విలియం రాక్స్‌బర్గ్. సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీ తరఫున తోట వేసి, ఇక్కడి మొక్కలను మన చిత్రకారులతో బొమ్మలు గీయించిన స్కాట్లండ్ వైద్యుడు ఆయనే. 1793లో కలకత్తా వెళ్లి అక్కడి వృక్షోద్యానం బాధ్యత తీసుకున్నాడు. కోరమాండల్ తీరపు మొక్కల మీద ఆయన తెచ్చిన గ్రంథం చివరి సంపుటం 1820 నాటికి, ఆయన పోయాక పూర్తయింది. బెంగాల్‌కు చెందిన ఈ తాడి అందులోనే ఉంది. 1979లో శాంతినికేతన్ దగ్గర ఒక పల్లెలో అడవి జాతిగా మిగిలిన చివరి టాలియేరా పూతకొచ్చింది. తలమీద కొమ్ముల్లా లేస్తున్న ఆ గుత్తిని చూసి ఊరివాళ్లు దెయ్యం పట్టిన తాటిచెట్టు అనుకున్నారు. పూత విచ్చకముందే నరికేశారు. ఆ తర్వాత ఢాకా విశ్వవిద్యాలయం ఆవరణలో ఉన్న చెట్టు 2008లో పూసి, విత్తనాలిచ్చింది. వాటినుంచి నారు లేచింది. తోటల్లో బతకడమే తప్ప అడవిలో ఆ జాతి ఇప్పుడు లేదు.

తేగ చెప్పే రహస్యం

నారు పీకి నాటడం గురించి గుంటూరు, ప్రకాశం రైతులకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు. నేరుగా విత్తనం వేసే ఊళ్లూ ఉన్నాయిగానీ, మిరప అంటే ఎక్కువమందికి నారే. నలభై రోజుల నారు నాటితే రెండు మూడు రోజులు తల వాల్చేస్తుంది. వారం తిరిగేసరికి కొత్త చిగురు పెట్టి తేరుకుంటుంది. మిరప మొక్క చేతికి తల్లివేరు తెగినా పక్కవేళ్లు పుట్టించుకునే తెలివి ఉంది.

తాడి జాతికి ఆ తెలివి వేరు. తల్లివేరే ఉండదు. మొదలు చుట్టూ తాళ్లకట్టలా వందల వేళ్లు బోదె అడుగునుంచే పుడతాయి. వేరు పుట్టే ఆ పట్టీ పూర్తిగా తయారయ్యేది చెట్టుకు బోదె కనబడ్డాకే. అందుకే ఆకులే తప్ప బోదె రాని పిల్లచెట్టును నేలలోంచి తవ్వి మార్చడం అన్నిటికంటే ప్రమాదం. చిన్నదే కదా తేలికగా బతుకుతుందనుకుంటే పప్పులో కాలేసినట్టే.

ఇందుకు రుజువు సంక్రాంతి రోజుల్లో బాపట్ల, చీరాల రోడ్లమీద కట్టలు కట్టి అమ్ముతుంటారు. తేగలు! తాటిటెంక మొలకెత్తినప్పుడు పైకి రాదు, ముందు నేలలోకి దిగుతుంది. పిల్లచెట్టు గుండెకాయ అడుగులోతున కూర్చున్నాక గానీ ఆకు బయటికి రాదు. మనం ఉడకబెట్టుకుని, కాల్చుకుని తినేది ఆ దిగుడుబావినే. శ్రీతాళం, బిస్మార్కియా కూడా ఇదే బాట. ఇలాంటి చెట్టు చుట్టూ పలుగుతో తవ్వి, పైపైన మట్టిముద్ద తీస్తే కిందనున్న అసలు భాగం తెగిపోతుంది. పైన ఆకులు పచ్చగానే ఉంటాయి. పని అయిపోయిందన్న సంగతి చెట్టుకు తప్ప ఎవరికీ తెలియదు.

తెగిన వేరు ఏమవుతుందన్నదీ జాతిని బట్టే. 1980లలో ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో దీన్ని వరసగా తవ్వి చూశారు. కొబ్బరికి ఎక్కడ కోసినా సగం వేళ్లు బతికి కొమ్మలు వేస్తాయి. అక్కడి సేబల్ తాడికి ఒక్క వేరూ మిగలదు, బోదెనుంచి కొత్తవి పుట్టాల్సిందే. అందుకే కొబ్బరి మొక్క పెరట్లో ఎటు జరిపినా బతికిందన్న ధైర్యంతో మిగతా చెట్లమీద చెయ్యి వేయకూడదు. మొండి జాతులకైతే నెలన్నర, రెండు నెలల ముందే చుట్టూ గాడి తీసి వేళ్లు కోసి, మట్టిని అలాగే ఉంచి తడుపుతారు. కొత్త వేళ్లు పుట్టాకే క్రేను పిలుస్తారు.

రేగడికి తగ్గ గొయ్యి

కడియం మట్టి ఒండ్రు, వేలితో నొక్కితే విడిపోతుంది. గుంటూరు రేగడి అలా కాదు. వానకు ఉబ్బి జిగురై చెప్పుల్ని పీకేస్తుంది, ఏప్రిల్‌లో చెయ్యి దూరేంత నెర్రెలిస్తుంది. ఒండ్రు ముద్దను తెచ్చి నల్లరేగడి గోతిలో దించితే వానాకాలం ఆ గొయ్యి కుండలా నీళ్లు పట్టుకుంటుంది. ఎండాకాలం రేగడి కుంచించుకుని ముద్దనుంచి విడిపోతుంది, మధ్య ఖాళీలో లేతవేళ్లు మాడిపోతాయి. కాబట్టి ఈ నేలలో గొయ్యి కంటే దిబ్బ ముఖ్యం. చుట్టుపక్కల నేలకంటే కాస్త ఎత్తుగా వెడల్పాటి దిబ్బ పోసి అందులో నాటి, నీరు పోయే కాలువ తీయాలి. పాతచోట బోదె ఎంతవరకు నేలలో ఉందో ఇక్కడా అంతే. పడిపోకుండా లోతుగా పాతేద్దామన్న ఆలోచనతో చంపిన చెట్లకు లెక్కలేదు. వేళ్లకు గాలి ఆడదు, ఏడాదో రెండేళ్లో కునారిల్లి పోతాయి. గోతినిండా పెంట వేయడం కూడా పొరపాటే. అది కుళ్లి కుంగితే చెట్టూ కుంగుతుంది. ఎరువు మాట కొత్త ఆకు వచ్చాక.

తొలకరి పడ్డాక, జూన్ జూలైలలో నాటితే వేరుకు వెచ్చటి నేల, తడి రెండూ దొరుకుతాయి. అక్టోబరు, నవంబరు తుపాన్లు వచ్చేసరికి ఊతకర్రలు గట్టిగా ఉండాలి. ఇక్కడే మేకు కొట్టేస్తుంటారు! మామిడికి, వేపకు గాయం మానుతుంది. తాడి జాతికి బెరడు కింద పెరిగే పొర ఉండదు, ఒకసారి పడ్డ గాయం బతికినంతకాలం గాయమే. ఆ వాసన పట్టుకుని ఎర్రముక్కు పురుగు వస్తుంది. అందుకని బోదెకు గోనె చుట్టి, దానిమీద చెక్కముక్కలు పట్టీతో బిగించి, కర్రలను ఆ చెక్కలకు మేకులతో కొడతారు. కనీసం ఆరేడు నెలలు వాటిని కదపకూడదు.

ఆకుల సంగతికొస్తే, అడుగు ఆకులు సగందాకా తీసి మిగిలినవి పైకి కట్టేస్తారు. వేళ్లు తాగే నీళ్లకంటే ఆకులు వదిలే నీళ్లు ఎక్కువ కాకూడదు కదా. ఆ తర్వాత పసుపుబారే ముసలాకులను అందంగా లేవని కోస్తూ పోకూడదు. చెట్టు వాటిలోని పొటాషియాన్ని లాక్కుని పైకి పంపుకుంటుంది. నీళ్లు మొదటి వారాల్లో దాదాపు రోజూ, అదీ వేలు గుచ్చి చూశాకే. పైన ఎండినట్టున్న రేగడి జానెడు కింద బురదగా ఉండొచ్చు.

అన్నిటికంటే కాపాడుకోవాల్సింది మొవ్వు. తాడికి ఉన్నది ఒకటే మొవ్వు, అది పోతే చెట్టు పోయినట్టే. మొవ్వుకుళ్లు గోదావరి, కృష్ణా జిల్లాల్లో వెనకటికి ఊళ్లకు ఊళ్లను వణికించిన తెగులు. ఇ.జె. బట్లర్ అనే శాస్త్రవేత్త దానిమీద 1910లో ప్రత్యేకంగా ఒక గ్రంథమే వెలువరించాడు. రోగం సోకిన తాటిచెట్ల తలలు నరికి కాల్పించడం అప్పట్లో ప్రభుత్వ కార్యక్రమం. నాటినప్పుడు బెదిరిన చెట్టుకు ఈ తెగులు తేలికగా సోకుతుంది. మందు మాత్రం మిరప రైతు ఇంట్లో ఉండేదే... కాపర్ ఆక్సీక్లోరైడు లీటరుకు 3 గ్రాములు, లేదా ఒక శాతం బోర్డో మిశ్రమం, మొవ్వు తడిసేలా. తగినంతే పోయాలి, పురుగుమందుల విషయంలో ఈ ప్రాంతానికి చేయి ఎక్కువేనన్న మాట ఎటూ ఉంది.

ఇంత చేశాక చెట్టు బతికిందో లేదో ఎలా తెలుస్తుంది? మిరప నారు వారంలో చెప్పేస్తుంది. తాడి చెప్పదు. బోదెలో దాచుకున్న నీటితోనూ పిండితోనూ వేరు లేకుండానే నెలల తరబడి పచ్చగా నిలబడగలదు. అందుకే తోటపని తెలిసినవాళ్లు ఆకుల రంగు చూడరు. నడినెత్తిన ఈటెలా ముడుచుకుని ఉన్న మొవ్వాకుకు, దాన్ని ఆనుకుని ఉన్న ఆకుకు అడ్డంగా ఒకే గీత, పెయింటుతో గీసిపెడతారు. రెండు మూడు వారాలకోసారి నిచ్చెన వేసుకుని వెళ్లి చూస్తారు. రెండు గీతలూ ఒకే వరుసలో ఉన్నాయంటే ఇంకా ఆగాలి. ఈటె మీది గీత పక్కదానికంటే వేలెడు పైకి జరిగి కనిపించిందా... కింద, దిబ్బలో, మొదటి వేరు రేగడిలోకి దిగిందన్నమాట.