టిక్కుమనని షార్పీ

హైదరాబాద్ కోఠిలో గుజరాతీ గల్లీకి దగ్గర్లో, మెట్ల కింద ఒక ఇరుకు గదిలో స్టేజీ లైట్లు బాగుచేస్తారు. బోర్డు లేదు. అవసరమున్నవాళ్లు వాకబు చేసుకుంటూ వస్తారు. నేను వెళ్లింది వినాయక చవితి ముందు. గది నిండా తలలు వాల్చేసిన బీమ్ లైట్లే. పెళ్లి రిసెప్షన్లలో, నిమజ్జనం ఊరేగింపుల్లో ఆకాశంలోకి కర్రల్లా వెలుగు చిమ్మే లైట్లివి. ఇటలీకి చెందిన క్లేపాకీ కంపెనీ 2010లో 189 వాట్ల ల్యాంపుతో తెచ్చిన షార్పీ బాగా పేరు పడటంతో, ఇప్పుడు ఏ కంపెనీ బీమ్ లైటైనా మనవాళ్లకు షార్పీయే.

బల్ల మీద ఉన్నది అలాంటి చైనా నకలు, 230 వాట్లది. వరంగల్ వైపు సప్లయరు ఒకాయన తన దగ్గర పనిచేసే కుర్రాడికిచ్చి పంపాడు. కొత్త ల్యాంపు వేసినా వెలగడం లేదట.

‘‘పాతదేది తమ్మీ?’’ అన్నాడు మెకానిక్.

‘‘పారేసినం అన్నా.’’

మెకానిక్ నావైపు తిరిగి, ‘‘గిదే సార్ కథ. ల్యాంపు మీద అందరికీ అనుమానమే’’ అన్నాడు.

ప్లగ్గు పెట్టాడు. ఫ్యాన్లు తిరిగాయి. తల అటూ ఇటూ ఊగి, రీసెట్ పూర్తిచేసుకుని నిలబడింది. అంటే పవర్ సప్లై, మెయిన్ బోర్డు పనిచేస్తున్నట్టే. ల్యాంపును వెలిగించమనే ఆజ్ఞ మామూలుగా కంట్రోలర్ నుంచి డీఎంఎక్స్ కేబుల్లో వస్తుంది. 1986లో అమెరికాలో రూపొందిన ఈ పద్ధతిలో ఒక్క కేబుల్ 512 ఛానళ్లను మోస్తుంది. ఆ ఛానళ్లలో ఒకటి చాలా లైట్లలో ల్యాంపుదే. దాని విలువ పైకి తెచ్చి కొన్ని సెకన్లు అలాగే ఉంచాలి. ఏ ఛానళ్లు తనవో లైటుకు చెప్పే అడ్రస్ తప్పుగా పెట్టినందుకే లైటు చెడిపోయిందనుకుని బస్సెక్కి వచ్చేవాళ్లూ ఉంటారట. ఆ గొడవ లేకుండా కేబుల్ పీకేసి, లైటు వెనకున్న మెనూలోంచే ‘ల్యాంప్ ఆన్’ నొక్కాడు. నొక్కి, చెవి దగ్గరగా పెట్టాడు.

అతనేం వింటున్నాడో తెలియాలంటే ఈ ల్యాంపు సంగతి కొంచెం తెలియాలి. ఇందులో ఫిలమెంటు ఉండదు. క్వార్ట్జ్ బుడ్డిలో రెండు టంగ్‌స్టన్ మొనలు, వాటి మధ్య ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూగా ఖాళీ, లోపల వాయువు, పాదరసం. ఆ ఖాళీని దాటించడానికి ఇగ్నైటర్ కొన్ని వేల వోల్టుల దెబ్బలు కొడుతుంది. ఆ దెబ్బలే టికటికమని వినిపిస్తాయి. ఒకసారి ఆర్క్ పుట్టాక కొన్ని పదుల వోల్టులు చాలు, కరెంటు హద్దు మీరకుండా బాలాస్టు చూసుకుంటుంది. టికటికమంటూనే వెలగకపోతే ల్యాంపునో, దాని కనెక్టరునో, హోల్డరు దగ్గర కాలి మసిబారిన తీగనో అనుమానించాలి. వెలిగి వెంటనే ఆరిపోతే అది వేరే రోగం. అసలు చప్పుడే లేకపోతే లోపం ల్యాంపు దాకా రాకముందే ఉంది.

ఇక్కడ చప్పుడు లేదు. అంటే కొన్న కొత్త ల్యాంపుకి ఈ జబ్బుతో సంబంధమే లేదు!

ప్లగ్గు తీసేశాడు. వెంటనే విప్పలేదు. బాలాస్టు కెపాసిటర్లలో 400 వోల్టుల దాకా నిలిచి ఉండొచ్చని, ఆగాడు. ఇగ్నైటర్ కొట్టేటప్పుడు ల్యాంపు తీగల మీద మీటరు పెట్టకూడదని కూడా చెప్పాడు. పెట్టి మీటరు కాల్చుకున్నవాళ్లున్నారట. మీటరు పోతే సరే, చెయ్యి పోతేనో?

మూత తీస్తే లోపల గులాలు, రంగు కాగితం ముక్కలు, నూనెలో తడిసిన దుమ్ము. బ్రష్షుతో, బ్లోయరుతో ఊడ్చాక అసలు పని మొదలైంది. ఈ మోడల్లో బాలాస్టుకు వెళ్లే కరెంటు, తలలోని థర్మల్ స్విచ్ గుండా పోతుంది. వేడి మితిమీరితే అది తెరుచుకుని ల్యాంపును ఆపేస్తుంది. చల్లగా ఉన్నప్పుడు మూసుకునే ఉండాలి. మీటరు బజర్‌లో పెట్టి స్విచ్ కాళ్ల మీద ఆనిస్తే కూసింది. స్విచ్ మంచిదే. బాలాస్టు వైపు కొసల్లో పెడితే మౌనం. తలను చేత్తో మెల్లగా వంచుతుంటే బజర్ కూసింది, ఆగింది, మళ్లీ కూసింది. రీసెట్ అయ్యాక తల నిలబడే చోట మాత్రం ఉలుకూ పలుకూ లేదు.

తీగ తెగింది పైతొడుగు లోపల, తల వంగే కీలు దగ్గర. వేలసార్లు వంగి వంగి రాగి పోగులు ఒక్కొక్కటే విరిగాయి, తొడుగు మాత్రం చెక్కుచెదరలేదు. చూపుకి దొరికే లోపం కాదు.

‘‘షోల మధ్యల ఆరిపోయి, మల్ల జల్ది వెలుగకపోతుండెనా?’’ అని కుర్రాణ్ని అడిగాడు. అవునన్నాడు. వేడెక్కిన ల్యాంపులో పాదరసం ఆవిరై పీడనం విపరీతంగా పెరుగుతుంది. ఆ స్థితిలో ఇగ్నైటర్ దెబ్బ ఖాళీని దాటలేదు. పది పదిహేను నిమిషాలు చల్లారాలి. తల వంగినప్పుడు తీగ విడిపోయి ల్యాంపు ఆరేది, వేడికి మళ్లీ అంటుకునేది కాదు, చల్లారాక వెలిగేది. దాంతో ల్యాంపు ముసలిదైపోయిందని అందరూ తేల్చేశారు. అదంతా చూడకుండా బుడ్డి మార్చేయడాన్ని రిపేరు అనడం నాకు సమ్మతం కాదు.

సిలికాన్ తొడుగున్న మెత్తటి తీగ వేసి, కీలు దగ్గర కొంచెం వదులు ఉంచాడు. ల్యాంపు గాజును స్పిరిట్ గుడ్డతో తుడిచాడు, వేలి జిడ్డు వేడికి గాజును తినేస్తుందని. మూత బిగించాకే ప్లగ్గు పెట్టాడు. టికటికమని, ఎదుటి గోడ మీద నీలంగా ఒక చుక్క పడి, తెల్లబడింది. కుర్రాడు వెంటనే ప్లగ్గు స్విచ్ మీదికి చెయ్యి చాపాడు. మెకానిక్ ఆ చేతిని పట్టుకుని, మెనూలో ల్యాంపు ఒక్కటే ఆర్పి, ఫ్యాన్లను తిరగనిచ్చాడు.

ఫంక్షన్ అవగానే ప్లగ్గులు పీకేయడం మీదే అతనికి ఎక్కువ కోపం. ఫ్యాన్లు ఆగిపోతే లోపలి వేడి ల్యాంపును, తీగలను, కనెక్టర్లను కలిపి వేయిస్తుంది. కుర్రాళ్లనూ పూర్తిగా అనలేం. అర్ధరాత్రి కాగానే హాలువాళ్లే కరెంటు ఆపేస్తారు. మీ ఇంట్లో పెళ్లి ఉంటే హాలు మేనేజరుకు ముందే చెప్పి, చివర్లో లైట్లవాళ్లకు పదిహేను నిమిషాలు కరెంటు ఉంచమనండి. మార్చేసిన ల్యాంపును చెత్తబుట్టలో వేయనివ్వకండి, అందులో పాదరసం ఉంటుంది.