కారణం తెలియని దుఃఖం

తొమ్మిదో శతాబ్దంలో బల్ఖ్ ప్రాంతంలో జన్మించిన అబూ జైద్ అల్ బల్ఖీ దేహానికీ మనసుకూ కలిపి ఒకే గ్రంథం రచించారు. దాని పేరు ‘మసాలిహుల్ అబ్దాన్ వల్ అన్‌ఫుస్’. అందులో ఆయన దుఃఖాన్ని రెండుగా విభజించారు: కారణం తెలిసినది, తెలియనిది. మొదటిదానికి ఓదార్పు, ఆలోచనను సరిదిద్దుకోవడం ఔషధం. రెండవదాని మూలం శరీరంలో ఉంటుంది కనుక దేహానికీ చికిత్స కావాలన్నారు.

కాన్పయిన నెలకు మా ఆపా ఊరకే కన్నీరు కార్చసాగింది. బిడ్డ ఆరోగ్యంగా ఉంది, బావగారు నెమ్మదస్తులు. “అల్లాహ్ అన్నీ ఇచ్చాడు. ఇంకా ఏడిస్తే నాషుక్రీ కాదా బేటీ?” అని పెద్దలు మందలించారు. ఏడుపు ఆగలేదు, ఎవరికీ కనబడకుండా ఏడవడం మాత్రం అలవాటైంది.

అమెరికా మనోవైజ్ఞానికురాలు కేరల్ రిఫ్ 1989లో మానసిక శ్రేయస్సుకు ఆరు పార్శ్వాలు చెప్పారు: స్వీయ అంగీకారం, సత్సంబంధాలు, స్వయం నిర్ణయ శక్తి, పరిసరాలపై పట్టు, జీవిత లక్ష్యం, వ్యక్తిత్వ వికాసం. సంతోషం ఈ జాబితాలో లేకపోవడం గమనార్హం! ఆపాకు ఆత్మీయులున్నారు, లక్ష్యమూ ఉంది. సడలినది పట్టు. బిడ్డకు స్నానం చేయించాలన్నా చేతులు వణికేవి. ఇందులో ఈమాన్ లోపం ఎక్కడుంది?

హజ్రత్ యాఖూబ్ (అలైహిస్సలాం) కన్నులు దుఃఖంతో తెల్లబడిపోయాయని దివ్య ఖుర్‌ఆన్‌లోని యూసుఫ్ సూరా తెలుపుతోంది. “ఆయన దుఃఖానికి కారణముంది, దీనికి లేదు కదా” అన్నారు మామూజాన్. లేకపోవడం వేరు, తెలియకపోవడం వేరు. బల్ఖీ అన్నది రెండవ మాటే.

చివరికి అమ్మీ ఆమెను వైద్యురాలి వద్దకు తీసుకువెళ్ళింది. ఆ రాత్రి నుండి బిడ్డను తన పక్కన పడుకోబెట్టుకొని, ఆపాను తెల్లవారేదాకా నిద్రపోనిచ్చింది.