జెముడు కుండీలు – కుక్కపిల్ల

బెంగుళూరులో మా యింటి వరండాలో రెండు జెముడు కుండీలు వుండేవి. కుక్కపిల్ల వచ్చింది మొదలు రెంటినీ పారవేయమని మా యింటావిడ పోరు. రెంటికీ ఒకే శిక్ష వేయడం మాకు న్యాయమనిపించలేదు.

నాగజెముడులో విషం లేదు, బాధంతా ముండ్లదే. పెద్దముల్లు కనబడుతుంది, లాగివేయవచ్చు. దాని కుదుట నూగులా వుండే సన్నముండ్లే గడుసువి. అవి నాలుకకు గుచ్చుకుంటే కుక్క చొంగ కారుస్తూ తిండి మానేస్తుంది.

కాడజెముడుకు ముండ్లు లేవు. చూడబోతే పరమసాధువు! తుంచితే మాత్రం పాలు కారుతవి. ఆ పాలు తగిలితే నోరు మండి పొక్కుతుంది. కంట్లో పడితే చూపుకే ముప్పు. వెంటనే మంచినీళ్లతో బాగా కడిగి పశువైద్యుని వద్దకు తీసుకుపోవలసిందే.

ముండ్ల కుండీని ఎత్తుగా గూటిలో పెట్టాము. పాల కుండీని కుక్కలూ, పసిపిల్లలూ లేని స్నేహితుని యింటికి పంపాము. మా యింటావిడ గూటివంక యింకా అనుమానంగానే చూస్తున్నది.