మెరుపు వేరు, నునుపు వేరు

పిల్లలూ! కుళాయి గట్టిగా కట్టేసినా చుక్క చుక్కగా కారటం మీరు చూసే ఉంటారు. లోపలి వాషరు అరిగినా, అది వచ్చి ఆనే చోట గాటు పడినా అలా కారుతుంది. అటువంటి కారుడు ఆపటమే నా పని. కాని నేను బాగుచేసే వాటిలోంచి వచ్చేది నీరు కాదు, గాలి. సముద్రం అడుగున మనిషి పీల్చే గాలి!

నేను అండమాన్‌లోని స్వరాజ్ ద్వీపంలో ఉంటాను. 2018 దాకా దీన్ని హావ్‌లాక్ అనేవారు. ఇక్కడికి వచ్చేవారు వీపుకు గాలి సిలిండరు కట్టుకుని, పగడాల మధ్య ఈదుతారు. నిండు సిలిండరులో గాలి వత్తిడి మన చుట్టూ ఉన్న గాలి వత్తిడికి సుమారు 200 రెట్లుంటుంది. అంత వత్తిడిని ఊపిరితిత్తులు తట్టుకోలేవు. అందుకే మధ్యన రెగ్యులేటరు ఉంటుంది. 1943లో ఫ్రాన్సులో ఎమిల్ గాన్యాన్ అనే ఇంజనీరూ, జాక్ కుస్తో అనే నౌకాదళ అధికారీ కలిసి దీన్ని తయారుచేశారు. యుద్ధకాలంలో పెట్రోలు కరువై కార్లను గ్యాసుతో నడపవలసి వచ్చినప్పుడు గాన్యాన్ చేసిన వాల్వే దీనికి మూలం.

రెగ్యులేటరు వత్తిడిని రెండు మెట్లుగా దించుతుంది. సిలిండరు దగ్గరి మొదటి మెట్టు 200 రెట్ల వత్తిడిని సుమారు 10 రెట్లకు తెస్తుంది. నోటి దగ్గరి రెండో మెట్టు, చుట్టూ నీటి వత్తిడి ఎంత ఉన్నదో అంతే వత్తిడితో, పీల్చినప్పుడు మాత్రమే గాలి ఇస్తుంది. పీల్చనప్పుడు దాన్ని మూసి ఉంచేది ఏమిటనుకున్నారు? ఒక చిన్న లోహపు గొట్టం అంచూ, దానికి ఆనుకున్న రబ్బరు బిళ్ళా! గోలీసోడాలో గోలీ రబ్బరు ఉంగరానికి అదుముకుని గ్యాసును ఆపుతుంది చూడండి, ఇదీ అలాంటిదే.

ఒకనాటి సాయంత్రం ఒకాయన తన రెగ్యులేటరు తెచ్చి, "బుసబుసమంటూ గాలి పోతున్నది. పొద్దున్నే నీళ్ళలోకి దిగాలి," అన్నాడు. నేను దాన్ని విప్పి, ఉప్పూ చిలుమూ కడిగి, పదిరెట్లు పెద్దదిగా చూపే భూతద్దంతో ఆ అంచును చూశాను. వెంట్రుకకన్న సన్నని గీత కనిపించింది. వెనక ఎవరో ఉక్కు సూదితో లోపల గెలికి ఉంటారు. అందుకే నేను ఇత్తడి పుల్ల తప్ప వాడను.

"తళతళా మెరుస్తూనే ఉన్నది గదండీ!" అన్నాడాయన.

"మెరుపు వేరు, నునుపు వేరు, బాబూ! అంచు చుట్టూ ఎక్కడా తెగని వలయం ఉండాలి," అన్నాను.

వడ్రంగులు ఉప్పుకాగితం అంటారే, ఆ జాతిదే అతి సన్నని కాగితం ఒకటి ఉన్నది. దాన్ని గాజుపలక మీద పరచి, తడిపి, అంచును నిటారుగా ఆనించి, బరువు వెయ్యకుండా గుండ్రంగా తిప్పాను. నాలుగు చుట్లు తిప్పటం, భూతద్దంతో చూడటం. గీత సన్నబడింది గాని పోలేదు. ఇంకా రుద్దితే పైనున్న క్రోమియం పూత పోతుంది. కింది ఇత్తడిని ఉప్పునీరు తినేస్తుంది. అందుచేత రుద్దటం ఆపి, ఆ ముక్క తీసేసి కొత్తది వేశాను. రుద్దటం ఎంత ముఖ్యమో, ఎక్కడ ఆపాలో తెలియటం అంత ముఖ్యం.

ఇంత పట్టుదల దేనికంటారా? ఈ వాల్వును చేసినవారు తెలివిగా, చెడితే మూసుకుపోకుండా తెరుచుకునేలా అమర్చారు. ఊపిరి ఆగదు, నిజమే. కాని ముప్పావుగంట రావలసిన గాలి కొద్ది నిమిషాల్లో ఖాళీ అవుతుంది!

తెల్లవారి రెగ్యులేటరును సిలిండరుకు బిగించి నీళ్ళలో ముంచాను. ఒక్క బుడగ రాలేదు. ఆయన రెండు గంటలు ఆలస్యంగా దిగాడు, క్షేమంగా పైకి వచ్చాడు.

ఈసారి మీ ఇంట్లో కుళాయి బాగుచేస్తే, పాత వాషరు అడిగి తీసుకుని భూతద్దంతో చూడండి. దానిమీద గుండ్రని గాడి కనిపిస్తుంది. అది ఎక్కడైనా తెగి ఉంటే, నీరు కారిన దారి అదే! వంటింటి గ్యాసు రెగ్యులేటరు జోలికి మాత్రం పోకండి. దాన్ని పని తెలిసినవారే ముట్టుకోవాలి.